రత్నమాణిక్యం అక్క పొద్దుటి మాత్ర

నా నోరు మంచిది కాదు. నరసాపురంలో మందుల షాపు పెట్టి ముప్పై ఏళ్ళయింది, ఆ మాట అనని మనిషి లేడు. "ప్రసాదు గారి షాపులో మందులు మంచివేగానీ మాటలే చేదు" అంటారట నా వెనకాల. అనుకోనివ్వండి. చీటీ ఇంట్లో మర్చిపోయి వచ్చి, "మొన్న ఇచ్చారే, ఆ తెల్ల మాత్రలు ఇవ్వండి" అంటే ఒళ్ళు మండదా మరి? షాపులో సగం తెల్ల మాత్రలే.

నా సంగతి అలా ఉంచండి. చెప్పాల్సింది రత్నమాణిక్యం అక్క గురించి. నాకు తోడబుట్టిన అక్క కాదు. మేం కోమట్లం, వాళ్ళు వ్యవసాయం చేసుకునేవాళ్ళు. మా షాపు వెనక సందులో మూడో ఇల్లు. నాకంటే మూడేళ్ళు పెద్దది. షాపు తెరిచిన కొత్తలో "తమ్ముడూ, తలనొప్పి బిళ్ళ ఇవ్వు" అంటూ వచ్చింది, ఆ పిలుపే ఉండిపోయింది. ఆవిడ మొగుడు పల్లంరాజు గారు నాకు బావగారయిపోయారు. రెండెకరాలు కౌలుకి చేస్తారాయన. నెమ్మదస్తుడు. నోట్లోంచి మాట రావాలంటే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవాలి.

అక్క లేసు అల్లేది. మా ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళకి కొదవలేదుగానీ, ఆవిడ అల్లిక వేరు. ఏజెంటు డిజైను కాయితం తెచ్చిస్తే అందులో ఎన్ని గళ్ళుంటే అన్నే, ఎన్ని ముళ్ళుంటే అన్నే. ఒకసారి పెద్ద టేబులు గుడ్డ దాదాపు అయిపోవచ్చింది, మధ్యలో ఎక్కడో ఒక్క ముడి తక్కువ పడిందట. ఏజెంటు "ఎవరికి కనపడుద్దమ్మా, ఇచ్చెయ్" అన్నాడు. ఈవిడ ఇరవై రోజుల పని కూర్చుని విప్పేసింది. నేను షాపులోంచి చూసి, "నీకేమైనా పిచ్చా అక్కా?" అని కేకలేశాను. దారం ఉండకి చుట్టుకుంటూ నవ్వింది. "కాయితం మీద పది అని ఉంటే పదే అల్లాలి తమ్ముడూ. మధ్యలో మన సొంత తెలివి ఎందుకు?" అంది.

ఈ మాట నేను మర్చిపోకుండా ఉంటే ఎంత బాగుండేది!

కిందటేడు ఆషాఢంలో ఒక ఉదయం, పదిన్నర వేళ, అక్క షాపుకి వచ్చింది. ఎడం భుజం పట్టుకుని నిలబడింది. "లేసు అల్లీ అల్లీ భుజం పట్టేసింది తమ్ముడూ, దవడ దాకా లాగుతోంది. కాస్త బామ్ ఇవ్వు" అంది. చూస్తే జాకెట్టు తడిసి ముద్దయిపోయింది. మొహం పాలిపోయింది. బయట వాన పడి చల్లగా ఉంటే మనిషికి అంత చెమటేంటి?

"కూర్చో" అన్నాను.

"కూర్చోడానికి తీరికెక్కడిది, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను."

"నీ ఎసరు గోదాట్లో కలవ! కూర్చోమంటుంటే!" అని అరిచాను. బజారంతా వినపడి ఉంటుంది. బిత్తరపోయి స్టూలు మీద కూలబడింది. ఆస్పిరిన్ మాత్ర చేతిలో పెట్టి, మింగొద్దు, నమలమన్నాను. 108కి ఫోను చేశాను. ఇంటికెళ్ళి తాళం వేసొస్తానని రెండుసార్లు లేవబోయింది. కదిలావంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను. పక్క కొట్టువాళ్ళని పంపించి ఆ పొయ్యి ఆర్పించాను. బండి వచ్చేదాకా ఆవిడ ముందర నిలబడి తిడుతూనే ఉన్నాను, భయం వేస్తే నాకు అదే వస్తుంది.

బండి వాళ్ళు ముందు మా ఊరి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి భీమవరం తీసుకెళ్ళారు. గుండెపోటే. ఆ మధ్యాహ్నమే రక్తనాళంలో స్టెంటు వేశారు. పల్లంరాజు గారు అవతలి గట్టున సఖినేటిపల్లిలో ఉన్నారు, పంటు మీద గోదావరి దాటి భీమవరం చేరేసరికి అంతా అయిపోయింది. డాక్టరు గారు ఆయనతో, "ఆవిడ చేత మాత్ర నమిలించి, నడవనివ్వకుండా కూర్చోబెట్టింది ఎవరోగానీ ఆయనకి దణ్ణం పెట్టుకోండి" అన్నారట. బావగారు నిజంగానే వచ్చి నా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు. నేను "ఏంటండీ ఈ గోల" అని విదిలించుకున్నానుగానీ, లోపల మాత్రం పొంగిపోయాను. అబద్ధం ఎందుకు చెప్పడం, నెల రోజులపాటు వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాను.

అక్క ఇంటికొచ్చాక మందులన్నీ నేనే ఇచ్చాను. అందులో ముఖ్యమైనది పొద్దుటి మాత్ర. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది అదే. ఏడాదిపాటు ఒక్క రోజు కూడా మానకూడదు. మానితే స్టెంటు ఉన్నపళంగా మూసుకుపోవచ్చు. రాత్రి మాత్ర కొలెస్ట్రాలుకి. రెండింటికీ రెండు కవర్లు కట్టి, పైన పెన్నుతో రాసిచ్చాను.

మొదటి వారంలోనే మళ్ళీ వచ్చింది, కడుపులో మంటగా ఉందని. ఎలా వేసుకుంటున్నావని అడిగితే, లేవగానే కాఫీ కూడా తాగకుండా పొద్దుటి మాత్ర మింగేస్తోందట. ఇక చూడండి నా నోరు! "ఖాళీ కడుపున వేసుకుంటే పుండు పడి చస్తావు! బుద్ధుందా నీకు? తినకుండా ఆ మాత్ర నోట్లో వేసుకున్నావంటే నా షాపు మెట్టెక్కొద్దు!" అన్నాను. కవరు లాక్కుని, ఎర్ర సిరా పెన్ను తీసి, పెద్ద అక్షరాలతో "తిన్నాకే" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. అప్పట్నుంచి నెల నెలా ప్రతి కవరు మీదా, లోపలి షీట్ల మీదా కూడా అదే ఎర్ర సిరా.

అక్క కవరు రెండు చేతులా తీసుకుంది. "ఇంత చక్కగా రాసిస్తే ఇంకెందుకు తప్పుతాను తమ్ముడూ" అంది.

తప్పలేదు. ఆవకాయ జాడీ తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. అప్పడాలు, ఉప్పు చేప, నూనెలో వేయించినవి, అన్నీ మానేసింది. రోజూ సాయంత్రం గోదావరి గట్టున అరగంట నడవమన్నాను. గడియారం పెట్టుకుని మరీ నడిచేది. ఇరవై తొమ్మిది నిమిషాలకి ఇల్లొస్తే గుమ్మం ముందు ఇంకో నిమిషం అటూ ఇటూ తిరిగేదని బావగారు చెప్పి నవ్వేవారు. అంత నవ్వు ఆయన మొహంలో నేనెప్పుడూ చూళ్ళేదు.

ఆవిడకి ఒకటే కోరిక. అంబులెన్సులో మొక్కుకుందట, ఏడాది తిరిగేసరికి మనిషిగా మిగిలి ఉంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అన్నవరం కొండెక్కి సత్యనారాయణ స్వామి వ్రతం చేసుకుంటామని. పీట మీద పరచడానికి తెల్ల లేసు గుడ్డ ఒకటి మొదలుపెట్టింది. "మాత్రల ఏడాదీ, మొక్కు ఏడాదీ ఒకేసారి తీరతాయి తమ్ముడూ. నిడదవోలు నుంచి దుర్గాశ్రీని కూడా రమ్మన్నాను" అంది. దుర్గాశ్రీ వాళ్ళకి ఒక్కత్తే కూతురు, అల్లుడు అక్కడ రైల్వేలో పని. ఏడాది గడిస్తే చాలు. అక్కకి కావలసిందీ అదే, నాకు కావలసిందీ అదే.

దీపావళి వెళ్ళిన మర్నాడు నెల మందులకి వచ్చింది. ఆ రోజు షాపు ముందు జనం ఇసకవేస్తే రాలనట్టున్నారు. జ్వరాల కాలం, పైగా టపాకాయలతో కాలిన గాయాలు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. మూడు షీట్లు పొద్దుటివి, మూడు షీట్లు రాత్రివి, కవర్లలో పెట్టి, రాసేసి, ఆవిడ ముందు పడేశాను. ఆవిడ వెళ్ళలేదు. కౌంటరు చివర చెక్క పట్టుకుని నిలబడింది.

"తమ్ముడూ, ఒక్క మాట..."

"ఏంటి?"

"ఈ పొద్దుటి మాత్ర ఉందే, మరీ..."

"కవరు మీద రాశాను కదా! చదువొచ్చు కదా నీకు! రాసింది రాసినట్టు చెయ్. ఇంతమంది నిలబడి ఉంటే ముచ్చట్లేంటి?"

వెనకాల ఎవరో నవ్వారు. అక్క మొహం చిన్నబోయింది. "సర్లే తమ్ముడూ, పనిలో ఉన్నావు" అంది. కవరు పైకి పట్టుకుని ఆ ఎర్ర అక్షరాలు ఒకసారి చదువుకుంది. తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆ మాటే మర్చిపోయాను.

కార్తీకం వచ్చింది. చీకటుండగానే రేవు దగ్గర దీపాలు, ఊరంతా నేతి వాసన. ఒక రోజు అక్క ఎదురుపడితే, "గోదాట్లో చన్నీళ్ళ స్నానాలు పెట్టుకున్నావా ఏంటి కొంపదీసి?" అని గదమాయించాను. "లేదు తమ్ముడూ, నువ్వు వద్దంటావని ఇంట్లోనే వేణ్ణీళ్ళు పోసుకుని దీపం మాత్రం వదిలి వస్తున్నాను" అంది. మనిషి కాస్త చిక్కింది. నడక బాగా పనిచేస్తోందనుకున్నాను. "తగ్గావక్కా, బాగుంది! ఇలాగే ఉండు" అన్నాను. మెచ్చుకోవడం నా నోట ఎప్పుడో గానీ రాదు. ఆవిడ సంతోషం చూడాలి!

పున్నమి వెళ్ళిన ఆరో రోజు. పదకొండు గంటలకి పక్కింటి సుబ్బాయమ్మ షాపులోకి పరిగెత్తుకొచ్చింది. "అక్క పడిపోయిందండీ!" చెప్పులేసుకోకుండా పరిగెత్తాను. అక్క వీధరుగు మీద ఒరిగిపోయి ఉంది. ఒళ్ళో తెల్ల లేసు, వేళ్ళ మధ్య ఇంకా సూది. నాడి లేదు. ఊపిరి లేదు. ఎప్పుడో క్యాంపులో నేర్పినట్టు గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కాను. లేవవే అక్కా, లేవవే అని తిడుతూ నొక్కాను. 108 వచ్చేదాకా ఆపలేదు. వాళ్ళొచ్చి నా భుజాలు పట్టుకుని పక్కకి లాగారు. అప్పటికే అయిపోయింది.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అలాంటి వెధవ పుట్టుక నాది. అన్నీ చెప్పాను, అన్నీ రాశాను, అయినా ఎలా పోతుంది? ఎక్కడో తప్పింది. మర్నాడు షాపులో అడిగిన ప్రతివాళ్ళతో అన్నాను, "ఎంత చెప్పినా వినరండీ ఈ ఆడవాళ్ళు. చాటుగా ఏ పచ్చడో తినుంటుంది" అని. అన్నాను. ఈ నోటితోనే అన్నాను. చచ్చిపోయిన మనిషి మీద, తిరిగి జవాబు చెప్పుకోలేని మనిషి మీద ఆ నింద వేశాను.

పెద్దకర్మ అయిన రెండో రోజు పల్లంరాజు గారు వచ్చారు. గుండు, భుజం మీద తువ్వాలు. చేతిలో గుడ్డ సంచి. గొంతు సవరించుకున్నారు, ఇంకోసారి సవరించుకున్నారు. "ఆవిడ మందులు మిగిలాయండీ. ఎవరైనా లేనివాళ్ళకి పనికొస్తాయని తెచ్చాను" అన్నారు.

సంచి కౌంటరు మీద కుమ్మరించాను. రాత్రివి మూడు షీట్లలో రెండు ఖాళీ, ఒకటి నిండుగా ఉంది. అంటే ఇరవై రాత్రులూ వేసుకుంది, ఒక్కటీ మానలేదు. పొద్దుటివి మూడు షీట్లూ అలాగే ఉన్నాయి. ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. మూడింటి మీదా నా ఎర్ర సిరా.

"ఇవి వేసుకోలేదేంటి బావగారూ?" అన్నాను.

"కార్తీకం కదండీ" అన్నారాయన మామూలుగా. "ఎప్పుడూ సోమవారాలే ఉండేది. ఈ ఏడు ప్రాణం నిలబెట్టాడని నెల్లాళ్ళూ నక్తాలు పట్టింది. పగలంతా మంచినీళ్ళే, చుక్క చూశాక అన్నం. పొద్దున్న తినేది కాదు గదండీ. మీరేమో తిన్నాకే అని రాశారాయె. తినకుండా వేసుకుంటే తమ్ముడు తిడతాడని తియ్యలేదు. నేను అడిగితే, రాసింది రాసినట్టు చెయ్యమన్నాడు తమ్ముడు అంది. మీ మాటంటే ఆవిడకి అంత గురి అండీ."

ఆ రోజు కౌంటరు చివర చెక్క పట్టుకుని ఆవిడ అడగబోయింది అదే. "రాత్రి అన్నం తిన్నాక రెండూ కలిపి వేసుకో అక్కా." ఇంతే జవాబు. చెప్పడానికి ఎంతసేపు పట్టేది? ఒక దగ్గు మందు సీసా కవర్లో పెట్టినంతసేపు. మా ఇంట్లో మా ఆవిడ కార్తీక సోమవారాలు ఉంటుంది. ఊళ్ళో సగం మంది ఉంటారు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, ముప్పై ఏళ్ళుగా తిన్నాక, తిన్నాక అని రాస్తూ, తినని రోజు ఏం చెయ్యాలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బావగారు ఇంకా మాట్లాడుతున్నారు. "ఆ లేసు గుడ్డ ఒక అంచు మిగిలిపోయిందండీ. అయినా పూర్తయి మాత్రం ఏం లాభం. వ్రతానికి ఒక్కణ్ణే పీటల మీద ఎలా కూర్చుంటాను?"

అప్పుడే చెప్పాల్సింది. ఊరంతా వినేలా అరిచే నోరు అప్పుడు పెగల్లేదు. "సరే బావగారూ" అని మాత్రలు సొరుగులో పడేశాను. ఆయన దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు. తర్వాత నెలలోనే దుర్గాశ్రీ వచ్చి తండ్రిని నిడదవోలు తీసుకెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ రోజు నుంచి నేను రాసే రాత మార్చాను. గుండె మందులు ఎవరికిచ్చినా, ఏ మాత్ర ఎప్పుడో నోటితో చెప్పి, ఏ రోజులు ఉపవాసం ఉంటారో అడిగి, అప్పుడు రాస్తున్నాను. జనం విడ్డూరంగా చూశారు. "ప్రసాదు గారు మెత్తబడ్డారు, ఒంట్లో బాగోలేదేమో" అనుకున్నారు.

ఏడాది తిరిగింది. మొన్న కార్తీకంలో అక్క సంవత్సరీకానికి పల్లంరాజు గారు ఊరొచ్చారు. పొద్దున్నే షాపు తెరుస్తుంటే ఎదురుగా నిలబడి ఉన్నారు. సగం మనిషయ్యారు. నిడదవోలు డాక్టరు ఆయనకీ గుండె పరీక్ష చేసి మాత్రలు మొదలుపెట్టారట. మాత్రలు కూతురింట్లోనే మర్చిపోయి వచ్చారు. చీటీ ఇచ్చారు. చూస్తే అక్క వేసుకున్న పొద్దుటి మాత్రే.

షీటు కవర్లో పెట్టాను. ఎర్ర సిరా పెన్నుతో అలవాటుగా రాసి ఇచ్చాను. ఇచ్చాకగానీ ఏం చేశానో తెలియలేదు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివారు. "తిన్నా... తినకపోయినా... వేసుకోవాలి. ఉపవాసం... రోజు కూడా." మళ్ళీ మొదట్నుంచి చదివారు. తలెత్తారు.

"ఇలా రాసేవారు కాదు గదండీ."

"లేదు."

"ఎప్పట్నుంచి రాస్తున్నారు?"

"అక్క పోయాక."

గొంతు సవరించుకోలేదు ఈసారి. "అయితే అది వేసుకోవాల్సిందాండీ? ఆ ఇరవై రోజులూ?"

"వేసుకోవాల్సిందే బావగారూ. రాత్రి అన్నం తిన్నాక వేసుకున్నా సరిపోయేది. అది అడగడానికే వచ్చింది నా దగ్గరికి. నేను కసిరి పంపేశాను. ఏడాదిగా మీకు చెప్పలేకపోయాను." నాకు ఏడుపు వచ్చేసింది. అప్పుడే వచ్చిన ఇద్దరు మెట్ల మీదే ఆగిపోయారు.

ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. ఆ రోజు అక్కని నేను కూర్చోబెట్టిన స్టూలే అది. తిడతారేమోనని చూశాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన కవరు విప్పి షీటు బయటికి తీశారు.

"మంచినీళ్ళు ఇస్తారా" అన్నారు.

గ్లాసు ఇచ్చాను. "ఇవాళ తిథి కదండీ, ఇంకా ఏమీ తినలేదు" అంటూ ఒక మాత్ర చింపి నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. గ్లాసు నా చేతికిచ్చి లేచారు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆవిడక్కూడా ఇలా రాసిచ్చి ఉంటే వేసుకునేదండీ" అన్నారు. "రాసింది రాసినట్టు చేసేది."